ఉపవాస దీక్షలో ఆకలి, కోరిక, నీరసము



ఏకాదశి తిథులందు, శనివారములందు, కార్తిక సోమవారములందు ఉపవాసముండు భక్తులు మన ప్రాంతమున ఎందరో కలరు. ఇటీవల వీరిలో ఒక క్రొత్త సంకల్పము కనబడుచున్నది. "స్వామి వ్రతము చెల్లును, ఒంటి బరువును తగ్గును" అని ఒకే దీక్షతో రెండు ఫలములను కోరుచున్నారు. డాక్టరుగారు బరువు తగ్గుమన్నందున దీక్ష పట్టినవారు కొందరు. మోకాళ్ల నొప్పులతో గుడిమెట్లు ఎక్కలేక పట్టినవారు మరికొందరు. సంకల్పము మంచిదే. కాని మధ్యాహ్నమునకే కళ్లు తిరుగుట, సాయంకాలమునకు మనస్సు వంటింటి చుట్టును తిరుగుట, రాత్రికి నియమము తప్పుట, మరునాడు పాపము చేసితిమను దిగులు, ఈ నాలుగును దాని వెంట వచ్చుచున్నవి. స్వామికి ఆగ్రహము కలుగునేమోయని తమ ఒంటి వణుకును ఇంటివారికి సైతము చెప్పక దాచుకొనువారును కలరు. ఇది ప్రమాదకరము. కావున ఈ విషయమును శాస్త్రదృష్టితోను, వైద్యదృష్టితోను నేడు విచారింతము.

బరువు తగ్గవలెనని ఉపవసించుట దోషమా?

దోషము కాదనియే మా మనవి. 'ఉప' అనగా సమీపము. 'వాసము' అనగా నివసించుట. పాపకార్యములనుండి మరలి, సద్గుణములతో కూడి, భగవంతుని చెంత నుండుటయే ఉపవాసమని పెద్దలు చెప్పిరి. అన్నము మానుట అందులో ఒక అంగము మాత్రమే. స్వామి చెంతకు నడచుటకు, ప్రదక్షిణము చేయుటకు, వంగి నమస్కరించుటకు దేహము తేలికగా నుండవలెను. దేహము ధర్మమునకు పనిముట్టు. పనిముట్టును పదును పెట్టుకొనుట దోషమెట్లగును? అయితే పదును పెట్టుటకును, విరుగగొట్టుటకును భేదము కలదు. నేటి మా మాటలన్నియు ఆ భేదమును గూర్చియే.

తూకము చెప్పు లెక్క

ఏకాదశి మరునాడు తూకపు యంత్రముపై నిలిచి, కిలో తగ్గితిమని సంతోషించువారు కలరు. నాలుగు దినములలో ఆ కిలో తిరిగి వచ్చినప్పుడు వారే నిరాశపడుదురు. దీనికి కారణము తెలిసికొనవలెను. మనము తిన్న పిండిపదార్థములో కొంత భాగము కాలేయమునందును, కండరములందును గ్లైకోజెన్ అను రూపమున నిలువయుండును. ప్రతి గ్రాము గ్లైకోజెన్ తనతో సుమారు 3 గ్రాముల నీటిని పట్టియుంచును. ఒకదినము తినకున్నచో ఆ నిలువ ఖర్చగును. దానితోపాటు ఆ నీరును పోవును. కావున మొదట తగ్గిన బరువులో అధికభాగము నీరే. అన్నము తిన్న పిమ్మట అది తిరిగి చేరును. అది మీ వైఫల్యము కాదు.

మరి కొవ్వు ఎంత కరగును? ఒక కిలో కొవ్వులో సుమారు 7,700 కాలరీల శక్తి దాగియుండును. కూర్చుండి పనిచేయు స్త్రీకి దినమునకు సుమారు 1,700 కాలరీలు ఖర్చగునని అనుకొందము. అనగా ఒక పూర్ణోపవాసమున కరగునది పావు కిలోకు లోపే. ఏడాదికి సాధారణముగా 24 ఏకాదశులు. అధికమాసము వచ్చిన ఏట 26. లెక్క ప్రకారము సంవత్సరమున 5 కిలోలు. అదియును ద్వాదశి నాడు రెట్టింపు భుజింపకున్నప్పుడు మాత్రమే. ఇది చిన్న ఫలము కాదు. కాని తొందరపడువారికి దక్కు ఫలమును కాదు.

సెల్‌ఫోనులలో ఒక వార్త తిరుగుచుండును: మన ఏకాదశికి నోబెల్ బహుమతి లభించినదని. 2016లో ఆ బహుమతి పొందిన జపాను శాస్త్రజ్ఞుడు యోషినోరి ఓసుమి. జీవకణము తనలోని పాత భాగములను తానే జీర్ణించుకొని తిరిగి వాడుకొను విధానమును ఆయన ముఖ్యముగా ఈస్టు కణములలో పరిశోధించెను. ఏకాదశిని ఆయన పరీక్షింపలేదు. 2022లో ప్రకటింపబడిన మరొక పరిశోధన మనకు ఎక్కువ ఉపయుక్తము. చైనాలోని గ్వాంగ్‌జౌ నగరమున 139 మంది స్థూలకాయులకు ఏడాదిపాటు మితాహారమునే నియమించిరి. అందులో ఒక వర్గము ఉదయము 8 నుండి సాయంకాలము 4 గంటల లోపల మాత్రమే భుజించినది. తుదకు రెండు వర్గముల బరువులోను చెప్పదగిన భేదము కనబడలేదు. అనగా బరువును తగ్గించునది గడియారము కాదు, మితము. వ్రతము ఆ మితమును నేర్పు గురువు.

ఆకలి వేరు, కోరిక వేరు

ఆకలి రుచి యెరుగదని మన సామెత. ఉపవాసకులకు ఇంతకు మించిన పరీక్ష లేదు. సాయంకాలము కడుపులో కదలిక కలిగినప్పుడు మిమ్ము మీరే ప్రశ్నించుకొనుడు: "ఇప్పుడు ఒక జామపండో, గ్లాసెడు మజ్జిగయో ఇచ్చినచో చాలునా?" చాలుననిపించినచో అది ఆకలి. "అది వద్దు, మిరపకాయ బజ్జీయే కావలెను" అనిపించినచో అది ఆకలి కాదు. రుచిని ఎరిగినది గనుక అది కోరిక. ఆకలికి ఆహారమే మందు. కోరికకు ఆహారము మందు కాదు, ఆజ్యము.

ఆకలి కూడ ఎడతెగక పెరుగునది కాదు. అలవలె లేచి అలవలె విరుగును. 1999లో జపాను శాస్త్రజ్ఞులు గ్రెలిన్ అను ఆకలి హార్మోనును కనుగొనిరి. మనము నిత్యము తిను వేళకు అది రక్తములో పెరుగును. తినకపోయినను కొంతసేపటికి తనంత తానే తగ్గును. ఉదయము ఎనిమిదింటికి టిఫిను, ఒంటిగంటకు భోజనము అలవాటైన దేహము ఆ వేళలకే అడుగును. కావున ఆ వేళలను ముందే ఎరిగి, ఆ సమయమునకు పనిని ఏర్పరచుకొనవలెను. విష్ణుసహస్రనామ పారాయణము, గుడిలో మెల్లని ప్రదక్షిణము, పూలమాల కట్టుట, పసిపిల్లలకు కథ చెప్పుట, ఏదైనను సరే. చేతికిని నోటికిని పని యుండవలెను. చాలమందికి ఒక అరగంట గడచినచో ఆ అల విరుగును. ఊరక కూర్చుండి టీవీలో వంటల కార్యక్రమము చూచువారికి మాత్రము అది విరుగదు.

భగవద్గీత రెండవ అధ్యాయమున శ్రీకృష్ణుడు ఈ సూక్ష్మమును చెప్పెను. ఆహారము మానినవానినుండి విషయములు తొలగినను వాటిపై రుచి మిగిలియే యుండుననియు, పరమును దర్శించినప్పుడు ఆ రుచియును పోవుననియు ఆ బోధ సారము. అనగా కోరిక మిగులుట మీ ఒక్కరి దౌర్బల్యము కాదు. నిరాహారుని మనస్తత్త్వమే అట్టిది. దానిని తిట్టుటచేత అది పోదు. అంతకంటె మధురమైనది దొరకినప్పుడు పోవును. స్వామి చెంత నుండుట యను మాట ఇక్కడ పనికి వచ్చును. నామము లేని ఉపవాసము వట్టి పస్తు. పస్తున్నవానికి కోరిక రెట్టింపగును.

ఫలాహారము, పలహారము

ఫలాహారమనగా ఫలములను ఆహరించుట. ఆ మాటయే మన ఇండ్లలో పలహారమై, ఉప్మా, దోసెలు, పూరీల వరకు వచ్చినది. అన్నము మానితిమను తృప్తితో నూనెలో వేగిన సగ్గుబియ్యపు వడలు, బంగాళాదుంప వేపుడు, పాయసము తినువారు, తాము బరువేల తగ్గుటలేదని ప్రశ్నింతురు. సగ్గుబియ్యము కర్రపెండలము నుండి తీసిన పిండి. 100 గ్రాములలో సుమారు 350 కాలరీలుండును, మాంసకృత్తులు దాదాపు లేవు. కర్రపెండలము, బంగాళాదుంప రెండును దక్షిణ అమెరికా నుండి వచ్చిన పంటలు; మన ఋషులు వీటిని ఎరుగరు. వట్టి పిండిపదార్థము తిన్నచో రక్తములో చక్కెర వేగముగా పెరిగి, వేగముగా తగ్గి, కొద్ది గంటలకే మరల ఆకలియు కోరికయు కలుగును. అనగా కోరికను అణచుటకు తిన్నదియే కోరికను పెంచుచున్నది.

దానికి మారుగా గ్లాసెడు పాలు లేక పలుచని మజ్జిగ, ఒక జామ లేక బత్తాయి, గుప్పెడు ఉడికించిన వేరుశెనగలు, చిన్న చిలగడదుంప ముక్క తీసికొన్నచో ఆకలి నిలుకడగా నుండును. మీ మీ సంప్రదాయమున ఏవి నిషిద్ధమో వాటిని విడిచి, తక్కినవాటినుండి ఎన్నుకొనుడు.

నీరసమునకు కారణములు

నీరసమునకు కారణము భోజనము లేకుండుట ఒక్కటే యని తలతురు. తరచుగా అది కాదు.

మొదటిది నీరు. మనకు అందు నీటిలో కొంత ఆహారమునుండియే వచ్చును. భోజనము మానినప్పుడు అదియు ఆగును. దాహము వేయకున్నను గంటకొకసారి నీరు త్రాగవలెను. రెండవది ఉప్పు. ఆహారము తగ్గి ఇన్సులిన్ తగ్గినప్పుడు మూత్రపిండములు ఉప్పును అధికముగా బయటికి పంపును. లేచి నిలిచినప్పుడు కన్నులు చీకట్లు క్రమ్ముటకు ఇది ఒక కారణము. మజ్జిగలో చిటికెడు సైంధవ లవణము కలిపి త్రాగుట మేలు. రక్తపోటు, మూత్రపిండముల వ్యాధి గలవారు మాత్రము ఉప్పును గూర్చియు, కొబ్బరినీటిని గూర్చియు తమ డాక్టరును అడుగవలెను. మూడవది కాఫీ. దినమునకు మూడు నాలుగు సార్లు కాఫీ త్రాగువారు ఒక్కసారిగా మానినచో మధ్యాహ్నమునకు తలనొప్పి తప్పదు. అది ఉపవాసపు నొప్పి కాదు. వారము ముందునుండి కాఫీని క్రమముగా తగ్గించుకొనవలెను. నాలుగవది నిద్ర. చాలని నిద్ర మరునాటి ఆకలిని పెంచును. శివరాత్రి జాగరణము ఏడాదికొకసారి; ప్రతి ఉపవాసమునకు రాత్రులు మేల్కొననక్కరలేదు.

అయిదవది రక్తహీనత. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారము మన దేశమున 15 నుండి 49 ఏండ్ల స్త్రీలలో 57 శాతము మందికి రక్తహీనత కలదు. సోమ, శుక్ర, శనివారములన్నిటను ఒక్కప్రొద్దులుండు తల్లులు, తమ నీరసమునకు కారణము ఉపవాసమా, రక్తములేమియా యని ఒకసారి పరీక్ష చేయించుకొనవలెను. ఇంటివారికి ఒక మాట. ఉపవాసమున్న ఇల్లాలే ఆ దినము అందరికిని పులుసు, వేపుడు, పిండివంట చేసి వడ్డించుట మనము చూచుచునే యున్నాము. పొయ్యి వేడికి చెమట, పోపు వాసనకు కోరిక, ఆ రెండును ఆమెకే. ఆమె ఉపవాసదినమున ఇల్లంతయు పప్పు, చారు, పెరుగుతో సరిపెట్టుకొన్నచో ఆ పుణ్యములో మీకును భాగముండును.

అంబరీషుని జలపారణము

భాగవతము నవమ స్కంధమున అంబరీష మహారాజు చరిత్ర కలదు. ఆయన ఏడాదిపాటు ద్వాదశీ వ్రతము సలిపి, కార్తికమున మూడు రాత్రులు ఉపవసించి, పారణకు సిద్ధమయ్యెను. అంతలో దుర్వాస మహర్షి అతిథిగా వచ్చి, స్నానమునకై నదికి వెళ్లి ఆలసించెను. ద్వాదశి గడియలు ముగియుచున్నవి. ద్వాదశి దాటినచో వ్రతలోపము; అతిథికి ముందు భుజించినచో ధర్మలోపము. రాజు పండితులతో ఆలోచించి జలమును మాత్రము ప్రాశించెను. నీరు త్రాగుట భుజించుటయు నగును, భుజింపకుండుటయు నగునని వారి నిర్ణయము. దుర్వాసుడు కోపించినను, భగవంతుని చక్రము రక్షించినది అంబరీషునే. మొండిపట్టు పట్టక, సమయమెరిగి నడచుకొన్న భక్తుని స్వామి తప్పు పట్టలేదు.

భారతము ఉద్యోగపర్వమునందును ఈ దయ కనబడును. నీరు, దుంపలు, పండ్లు, పాలు, హవిస్సు, బ్రాహ్మణుని కోరిక, గురువు మాట, ఔషధము, ఈ ఎనిమిదియు వ్రతమునకు భంగకరములు కావని అచట చెప్పబడినది. కావున నీరసము కలిగినప్పుడు పాలు త్రాగినను, వేళకు మాత్ర వేసికొన్నను వ్రతము చెడదు. భయపడవలదు.

ఎవరు ఉపవసింపరాదు?

ఏకాదశీ నియమము ఎనిమిదేండ్లు దాటి, ఎనుబదేండ్లు నిండనివారికని ధర్మశాస్త్రములు హద్దు పెట్టినవి. పిల్లలకు, వృద్ధులకు నాడే మినహాయింపు కలదు. గర్భిణులు, పాలిచ్చు తల్లులు, కడుపులో పుండు గలవారు, మూత్రపిండ వ్యాధిగ్రస్తులు, ఎదిగే పిల్లలు బరువు తగ్గుటకై పస్తులుండరాదు.

మధుమేహము గలవారు విశేషముగా జాగ్రత్తపడవలెను. ఇన్సులిన్ తీసికొనువారు, గ్లిమెపిరైడ్, గ్లిక్లజైడ్ వంటి మాత్రలు వాడువారు ఆహారము మాని మందు మాత్రము వేసికొన్నచో చక్కెర ప్రమాదకరముగా పడిపోవును. మందు మానినచో పెరిగిపోవును. కావున డాక్టరును సంప్రదింపక వీరు దీక్ష పట్టరాదు. చేతులు వణుకుట, చల్లని చెమట, గుండెదడ, మాట తడబడుట చక్కెర పడిపోయిన గుర్తులు. 100 మిల్లీలీటర్ల రక్తములో చక్కెర 70 మిల్లీగ్రాములకంటె తగ్గినచో ఆ క్షణమే మూడు చెంచాల పంచదార నీటిలో కలిపి త్రాగి, పదిహేను నిమిషములకు మరల పరీక్షించుకొనవలెను. పరీక్షించు సాధనము లేనిచో గుర్తులను చూచియే త్రాగవలెను. గుడిలో నున్నచో తీర్థప్రసాదముల చోట బెల్లపు పానకము అడుగుటకు సంకోచింపవలదు. స్పృహ తప్పినవారి నోట ఏమియు పోయక 108 వాహనమును పిలువవలెను.

మెట్టు మెట్టుగా

మన పెద్దలు ఉపవాసమునకు మెట్లు కట్టిరి. పగలు ఒకేసారి భుజించుట ఏకభుక్తము. నక్షత్రదర్శనము పిమ్మట భుజించుట నక్తము. ఆ పైది పూర్ణోపవాసము. క్రొత్తవారు రెండు మూడు నెలలు ఒక్కప్రొద్దుతో ఆరంభించి, పిదప పాలు పండ్లతో ఉండి, దేహము ఓర్చినచో పైమెట్టు ఎక్కవలెను. ఏకాదశికి ముందు దశమి రాత్రి భోజనము మానుట, ద్వాదశి నాడును ఒక్కపూటయే భుజించుట సంప్రదాయము. దిగుటయు ఎక్కుటయు మెల్లగా నుండవలెనని దాని భావము. నేడు మనము దానిని తలక్రిందులు చేసితిమి. "రేపు ఉపవాసము గదా" యని దశమి రాత్రి కడుపునిండ, "నిన్న ఉపవాసము గదా" యని ద్వాదశి నాడు గొంతుదాక తినుచున్నాము. నడుమ మానిన రెండు పూటలు ఇరువైపుల వడ్డీతో తీరుచున్నవి. పారణకు ముందు నీరు, పిదప పెసరపప్పు, ఆకుకూర, మెత్తని అన్నము, మజ్జిగ చాలును. శ్రీవైష్ణవ గృహములలో ద్వాదశికి అవిసాకును, ఉసిరికను వాడు ఆచారము ఇందుకు మంచి ఉదాహరణము.

ఉపవాసము మేలు చేసినదా, కీడు చేసినదా తెలియుటెట్లు? చరకసంహిత సూత్రస్థానము 22వ అధ్యాయము దీనికి కొలతబద్ద ఇచ్చినది. ఒళ్లు తేలికగుట, త్రేనుపు శుద్ధముగా నుండుట, బడలిక, కునికిపాటు తొలగుట, ఆకలిదప్పులు చక్కగా కలుగుట సరియైన లంఘనమునకు గుర్తులు. కీళ్లనొప్పులు, నోరెండుట, ఆకలి చచ్చుట, చూపు వినికిడి మందగించుట మితిమీరినదానికి గుర్తులు. అదే అధ్యాయము లంఘనమును పది విధములుగా చెప్పి, అందు ఉపవాసముతోపాటు వ్యాయామమును చేర్చినది. దినమునకు అరగంట నడకయు లంఘనమే. అది ప్రతిదినము చేయదగిన లంఘనము.

నియమము తప్పినప్పుడు

ఏనాడైన కోరికకు లొంగి తిన్నారనుకొందము. చాలమంది మరునాడు దానికి శిక్షగా ఇంకొక ఉపవాసముందురు. అది ఇంకను నీరసమును, ఇంకను పెద్ద కోరికను, ఇంకొక భంగమును తెచ్చును. శిక్ష వలదు. స్వామికి నమస్కరించి, మరుపూట మితముగా భుజించి, వచ్చు తిథికి ఒక మెట్టు తగ్గించుకొని ఆరంభింపుడు. అతిగా తినువానికిని, బొత్తిగా తిననివానికిని యోగము కుదరదని గీత ఆరవ అధ్యాయమున చెప్పిన భగవానుడే, పదునేడవ అధ్యాయమున మరొక మాట చెప్పెను. శాస్త్రవిహితము కాని ఘోరతపస్సులతో దేహమును కృశింపజేయువారు, ఆ దేహములో నున్న తననే బాధించుచున్నారని ఆ మాట భావము.

కావున ఒంటి వణుకును దాచుకొను తల్లులారా, తండ్రులారా! ఎవరికి కోపము వచ్చునని మీరు భయపడుచున్నారో ఆయనయే ఆ ఒంటిలో నున్నాడు. ఆయనకు నీరు పోయుడు, పాలు పట్టుడు, వేళకు మందు వేయుడు. కోరిక కలిగినప్పుడు ఆయన నామము పలుకుడు. బరువు నెమ్మదిగా తగ్గును. ఆయన చెంత నుండుట మాత్రము మొదటిదినమునుండియే లభించును.

స్వస్తి.